ఊరి బొడ్డు

జొన్నలమెట్ట పురపాలక సంఘానికి ఆ ఏడు కూడా జిల్లా పరిశుభ్రత పోటీల్లో ఆఖరి స్థానమే వచ్చింది. ఊరివాళ్లకి అదేం కొత్త కాదు. పెద్దలు రాసిచ్చి పోయిన ఆస్తిని అనుభవిస్తున్నట్టు అందరూ నిబ్బరంగానే ఉండేవారు. ఈసారి మాత్రం జిల్లా సమావేశంలో పొరుగూరి చైర్మన్, మన చైర్మన్ దంగేటి విశ్వనాథం గారి పక్కన కూర్చుంటూ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. జలుబు చేసిందని చెప్పాడట గానీ విశ్వనాథం గారు నమ్మలేదు.

తిరిగి రాగానే కారణాలు తేల్చమని ఒక కమిటీ వేశారు. అప్పటికి చెత్త ట్రాక్టరు చాలాకాలంగా టైర్లు లేకుండా ఇటుకల మీద కూర్చుని ఉంది. కుళాయిల్లో నీళ్లు ఎప్పుడొస్తాయో నీళ్లకే తెలియదు. వీధిదీపాలు పగలు వెలిగి రాత్రి పడుకునేవి. కమిటీవారు ఇవన్నీ చూశారు. ఇలాంటి చిల్లర సంగతుల్లో పడితే అసలు కారణం దొరకదని గ్రహించి, వాస్తురత్న చక్రపాణి సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన ఊరి పటం బల్ల మీద పరిచి, దిక్సూచి పెట్టి చూసి, పెదవి విరిచారు.

"ఒక గది కట్టుకునేవాడే దిక్కులు చూసుకుంటాడు. మీరు ఊరు కట్టుకుని ఒక్క దిక్కూ చూసుకోలేదు," అన్నారు. "ఇన్నాళ్లూ ఈ ఊరు నిలబడి ఉండటమే వింత."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని అనుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ చైర్మన్ గారికి అనుమానం లేదు. ఆయన అంతకుముందు ప్రతి ఎన్నికలోనూ ఓడిపోయి, ఇంట్లో పొయ్యి ఆగ్నేయానికి మార్చిన ఏడే గెలిచారు. ఆ ఏడు ఆయన మీద పోటీకి దిగినాయన నామినేషన్ చెల్లలేదు, అది వేరే సంగతి.

మునిసిపల్ ఆఫీసుకి ఎదురుగా, వీధికి దక్షిణం పక్కన, మంగతాయారు పిండిమర ఉంది. అది వాళ్లమ్మ పెట్టిన మర. మంగతాయారుకి యాభై దాటాయి. జుట్టు నెరిసిందో, పిండి పడిందో ఎవరూ ఇదమిత్థంగా చెప్పలేరు. మొగుడు అచ్యుతం సౌమ్యుడు. బెల్టు తెగితే కుట్టడం, పెళ్లాం కేకేస్తే పలకడం ఆయన పనులు. ఊళ్లో సున్నుండలకి మినప్పిండి, బజ్జీలకి శనగపిండి, పసుపు, కారం అన్నీ ఆ మరలోంచే రావాలి. మర ఆగితే ఊళ్లో సగం వంటిళ్లు ఆగుతాయి. మంగతాయారు వంటిల్లు అందరికంటే ముందు ఆగుతుంది.

ఆ మర తిరుగుతుంటే పక్క మనిషి మాట వినపడదు. పురపాలక సంఘం సమావేశం నెలలో ఆఖరి శనివారం. శనివారం సంత. సంతకొచ్చిన పల్లెలవాళ్ల బస్తాలన్నీ ఆ రోజే మరలో పడతాయి. అందుచేత సమావేశంలో కమిషనర్ గారు అంశం చదువుతారు, ఎవరికీ వినపడదు. చైర్మన్ గారు చెయ్యెత్తుతారు, అది చూసి మిగతావాళ్లూ ఎత్తుతారు. తర్వాత టీ వస్తుంది. మర ఆపమని ఏ చైర్మనూ ఏనాడూ అడగలేదు.

"నీ మర పుణ్యమా అని మనూళ్లో ఏకగ్రీవం తప్ప ఇంకోటి లేదు తల్లీ," అని అటెండరు నూకరాజు పిండి పట్టించుకోవడానికి వచ్చినప్పుడల్లా అనేవాడు. మంగతాయారు నవ్వేసేది.

పట్టణ వాస్తు సవరణ తీర్మానం కూడా అలాగే, గోధుమలు పడుతుండగా, ఏకగ్రీవంగా నెగ్గింది.

దాన్ని అమలు జరిపే భారం కమిషనర్ శేషాచలపతి గారి మీద పడింది. ఆయన నోరు విప్పితే ఉత్తర్వే. ఇంట్లో కూర ఎలా ఉందని భార్య అడిగినా "సదరు కూర సంతృప్తికరముగానున్నది" అంటారని చెప్పుకునేవారు. ఆయన ఊరంతా మైకులో చాటించారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై పురపాలక సేవలు ఏ దిక్కునకు చెందినవి ఆ దిక్కునందు మాత్రమే అందజేయబడును. పౌరులు తమకు కావలసిన సేవ ఏ దిక్కున గలదో తెలుసుకొని అచటకు పోవలెను."

నైరుతి బరువుగా ఉండాలి. అందుకని ఊరి చెత్తంతా మోయించి నైరుతి వార్డులో గుట్ట పోశారు. ఆ వార్డువాళ్లు ముక్కులు మూసుకుని వచ్చి గోల పెడితే, ఊరి భారమంతా మీరే మోస్తున్నారని చైర్మన్ గారు శాలువాలు కప్పి పంపారు. ఈశాన్యంలో నీరుండాలి. ఊరి నీళ్లన్నీ ఈశాన్యం వార్డుకి తిప్పారు. అక్కడివాళ్లు ఎన్ని కట్టెలు దిగ్గొట్టినా కుళాయిలు ఆగక, మంచాలెక్కి కూర్చుని వండుకునేవారు. మిగతా ఊరు బిందెలు పట్టుకుని ఈశాన్యం దారి పట్టింది. ఎలాగూ ఈశాన్యానికే వచ్చాం కదా అని కొందరు ముసలమ్మలు కుళాయికి దణ్ణం కూడా పెట్టుకున్నారు.

ఆగ్నేయం అగ్నిస్థానం కాబట్టి వీధిదీపాలన్నీ పీకి ఆ మూల పాతారు. దోసెల బండ్లు, బజ్జీల బండ్లు కూడా అటే తోలారు. ఆ వార్డులో ఎప్పుడు తెల్లారిందో తెలియక కోళ్లు తికమకపడి కూయడం మానేశాయి. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి బజ్జీలు పెట్టాలన్నా అక్కడికి పరిగెత్తాలి, వచ్చేసరికి చూపులు అయిపోయేవి.

వాయవ్యం సంగతి సిద్ధాంతి గారు ప్రత్యేకంగా చెప్పారు. అది గాలి దిక్కట. అక్కడ పెట్టింది ఏదీ నిలవదు, కదిలి వెళ్లిపోతుంది. వినీ వినగానే కమిషనర్ గారు ప్రజా ఫిర్యాదుల పెట్టె తీసుకెళ్లి వాయవ్యంలో పెట్టించారు. మర్నాటికి పెట్టె లేదు. శాస్త్రం ఎంత గట్టిదో అని ఆఫీసంతా రోజంతా చెప్పుకున్నారు.

మంగతాయారుకి మొదట్లో ఇదంతా వేడుకగా ఉండేది. మరకి వచ్చినవాళ్లు తలా ఒక దిక్కు కబురు చెబుతుంటే కడుపుబ్బ నవ్వేది. నవ్వినప్పుడల్లా ఆమె మీంచి పిండి లేచేది.

ఒకనాడు పొద్దున్నే సిద్ధాంతి గారు దిక్సూచి పట్టుకుని, ఆయన వెనక టేపులు పట్టుకున్న టౌన్ ప్లానింగ్ వాళ్లు, వాళ్ల వెనక చైర్మన్ గారు, కమిషనర్ గారు వీధిలోకి వచ్చారు. అటు నాలుగడుగులు వేశారు, ఇటు నాలుగడుగులు వేశారు. చివరికి తిన్నగా మరలోకే వచ్చేశారు. సిద్ధాంతి గారు తిరుగుతున్న రాయి పక్కన నిలబడి, ఆపమన్నట్టు చెయ్యి చూపించారు.

మంగతాయారు మర ఆపింది. "ఏం పట్టాలండీ? శనగపప్పాండీ?"

"అమ్మా, ఇది బ్రహ్మస్థానం. ఊరికి నట్టనడుమ. వాస్తుపురుషుడి బొడ్డు," అన్నారు సిద్ధాంతి గారు. "ఇక్కడ ఈకంత బరువు కూడా ఉండరాదు. నువ్వు బొడ్డులో మర తిప్పుతున్నావు. ఊరికి కడుపులో తిప్పదా మరి?"

"మా అమ్మ పెట్టిన మరండీ ఇది. ఇన్నాళ్లూ ఎవరికీ తిప్పలేదండీ."

"సదరు మరను రానున్న పౌర్ణమిలోగా తొలగించుకొనవలెను," అన్నారు కమిషనర్ గారు. "తొలగించుకొననిచో తొలగించబడును. ప్రత్యామ్నాయ స్థలము పరిశీలనలో ఉన్నది."

"ఎక్కడండీ ఆ స్థలం?"

"పరిశీలనలో."

చైర్మన్ గారు మాత్రం కాస్త మెత్తబడి, "ఊరి బాగు కోసం అమ్మా," అని, మూకుట్లో ఉన్న వేయించిన శనగలు రెండు నోట్లో వేసుకుని వెళ్లారు.

మరని కదపాలంటే మోటారు దిమ్మ పగలగొట్టాలి. పగిలిన దిమ్మ మళ్లీ కుదరదని అచ్యుతం తల పట్టుకున్నాడు. కుదిరినా కరెంటు కావాలి. కొత్త కనెక్షన్లు ఆగ్నేయంలోనే ఇస్తున్నారు, అక్కడ దోసెల బండ్ల మధ్య సూది మోపే చోటు లేదు. మంగతాయారు ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. రాయి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అరిగిన ఆ రాయికి ఉలితో గంట్లు పెట్టించినప్పుడల్లా వాళ్లమ్మ పసుపు రాసి బొట్టు పెట్టేది. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాక కోపమొచ్చింది. కోపమొచ్చాక ఆకలేసింది. లేచి అన్నం తిని, కొంగు దులుపుకుని ఆఫీసుకి వెళ్లింది.

చైర్మన్ గారి గదిలో ముగ్గురూ పటం చుట్టూ ఉన్నారు.

"సిద్ధాంతి గారూ, ఆ బొడ్డు కాస్త పక్కకి జరగదాండీ?"

"జరగడమేమిటమ్మా. శాస్త్రానికి మొహమాటం లేదు. ఊరి ఎల్లలు ఎక్కడో, నడుమ అక్కడే."

"అంటే ఎల్ల జరిగితే బొడ్డూ జరుగుతుందన్నమాటేగా?"

సిద్ధాంతి గారు ఆలోచించారు. శాస్త్రంలో దానికి అడ్డేమీ కనిపించలేదు. జరుగుతుందన్నారు.

"మరి ఊరికి ఈశాన్యం పెరిగితే మంచిదేనాండీ?"

"మంచిదా? మహర్దశ. ఈశాన్యం పెరిగిన ఇంట ఐశ్వర్యం తాండవిస్తుంది."

"మరి మన పక్కనున్న గుల్లపాలెం ఈశాన్యమే కదండీ. కలిపేసుకోండి."

ఊరు పెరుగుతుందన్న ఊహ చైర్మన్ గారి మొహం మీద మెల్లగా పరుచుకుంది. పెద్ద ఊరికి పెద్ద చైర్మన్ కదా. కమిషనర్ గారు "విస్తరణ" అని ఒక్క మాట అని, ఆ మాట రుచికి కళ్లు మూసుకున్నారు. ఆ నెల ఆఖరి శనివారమే, మినుములు పడుతుండగా, గుల్లపాలెం జొన్నలమెట్టలో కలిసిపోయింది. ఆ సంగతి గుల్లపాలెం వాళ్లకి మర్నాడు గేదెలు తోలుకెళ్తుంటే తెలిసింది. ఇకనుంచి అవి పట్టణ గేదెలనీ, నాచుకుంటలో స్నానం చేయించడానికి అనుమతి కావాలనీ మైకులో చెప్పారు.

మర బతికింది. మంగతాయారు రాయికి పసుపు రాసి, నూకరాజుకి ఊరికే కారం పట్టి ఇచ్చింది.

ఊరు ఈశాన్యానికి సాగేసరికి బొడ్డు కూడా అటు జరిగి, వైస్ చైర్మన్ నరహరి గారి కల్యాణమండపంలో పడింది. సిద్ధాంతి గారు దిక్సూచి పట్టుకుని వెళ్లేసరికి లోపల పెళ్లి జరుగుతోంది. బొడ్డు సరిగ్గా పీటల కింద ఉంది. పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ పీటలతో సహా ఎత్తి రోడ్డు మీద పెట్టారు. అటుగా వెళ్తున్న బస్సులోవాళ్లు కిటికీల్లోంచి అక్షింతలు వేశారు. నరహరి గారు ఊరుకునే మనిషి కాదు. నైరుతి పక్కన జీడితోటలు ఊళ్లో కలపాలని పట్టుబట్టారు.

"నైరుతి పెరగడం మహాదోషం," అన్నారు సిద్ధాంతి గారు.

"శాస్త్రంలో పరిహారం లేని దోషం ఉందాండీ?" అని నరహరి గారు ఆయన్ని పక్కకి తీసుకెళ్లి మాట్లాడారు. తిరిగొచ్చాక పరిహారం ఉందన్నారు సిద్ధాంతి గారు.

జీడితోటలు కలిశాయి. బొడ్డు వెళ్లి సినిమాహాల్లో పడింది. సినిమాహాలు యజమాని పడమటి కొండని కలిపించాడు. బొడ్డు కూరగాయల మార్కెట్టుకి పోయింది. మార్కెట్టువాళ్లు వంకాయలు అమ్మడం మానేసి ఆఫీసు మెట్ల మీద కూర్చుని తూర్పు చెరువుని కలిపించారు. కొండకీ చెరువుకీ కూడా వార్డు నెంబర్లు ఇచ్చారు. కొండ మీద ఓటర్లు లేరు కాబట్టి అక్కడ చైర్మన్ గారి బావమరిది పోటీ లేకుండా కౌన్సిలరయ్యాడు. తన వార్డులో ఒక్క ఫిర్యాదు కూడా లేదని ఆయన ప్రతి సభలోనూ గర్వంగా చెప్పేవాడు.

ఊళ్లోవాళ్లు పొద్దున్నే కనిపిస్తే "కాఫీ అయిందా" అనడం మానేసి "బొడ్డెక్కడ" అనేవారు. సంబంధాలు చూసేటప్పుడు పిల్లవాడి ఇల్లు బొడ్డుకి దూరమేనా అని వాకబు చేసేవారు. సిద్ధాంతి గారు దిక్సూచితో ఏ వీధిలోకి మలుపు తిరిగినా ఆ వీధి జనం సామాన్లు సర్దుకునేవారు, ఆయన దాటిపోయాక విప్పుకునేవారు. నూకరాజు కొండ వార్డుకి టపా పట్టుకుని సైకిల్ మీద పొద్దున వెళ్తే, మర్నాడు పల్లేరుకాయలు గుచ్చుకుని తిరిగొచ్చేవాడు. ఇంత జరుగుతున్నా నైరుతిలో చెత్త అలాగే ఉంది, ఈశాన్యంలో నీళ్లు అలాగే పారుతున్నాయి. కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది ఊరి పని.

ఇలా నాలుగు దిక్కులూ సాగీ సాగీ, చివరికి ఒక శుక్రవారం బొడ్డు తిరిగొచ్చి మంగతాయారు మరలోనే పడింది.

ఈసారి కమిషనర్ గారు గునపాలవాళ్లని వెంటబెట్టుకునే వచ్చారు. "మునుపటి ఉత్తర్వు పునరుద్ధరించబడినది. సోమవారము ఉదయము సదరు దిమ్మ పగులగొట్టబడును. ఇక ఎట్టి మినహాయింపును లేదు," అన్నారు.

"మళ్లీ మొదటికొచ్చింది," అన్నాడు అచ్యుతం నీరసంగా. "ఇంక కలపడానికి ఊళ్లేం మిగిలాయి?"

మంగతాయారు గుమ్మంలో నిలబడి ఊరికే ఎదురుగా చూసింది. ఎదురుగా వీధి, వీధికి ఉత్తరం పక్కన మునిసిపల్ ఆఫీసు. ఇన్నేళ్లుగా ఎదురుగానే ఉంది, ఇవాళే మొదటిసారి చూసినట్టు చూసింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మొగుడు కంగారుపడేంతసేపు నవ్వింది.

"బొడ్డు ఊళ్లు దాటక్కర్లేదండీ. వీధి దాటితే చాలు," అంది.

ఊరికి ఉత్తరపు ఎల్లని ఆనుకుని ఆమె పిన్ని కొడుకు సోంబాబు కోళ్లఫారం ఉంది. మంగతాయారు ఆ సాయంత్రమే వెళ్లింది.

"ఊళ్లో కలిస్తే నాకేం ఒరుగుతుందక్కా?" అన్నాడు సోంబాబు.

"నీకేం ఒరగదురా. మర మిగుల్తుంది. నీ పెద్దమ్మ మర."

సోంబాబు కాసేపు కోళ్ల వైపు చూసి, సంతకం పెట్టాడు. అర్జీ మంగతాయారే చెప్పి రాయించింది. కమిషనర్ గారి మాటలు విని విని ఆమెకి ఆ భాష పట్టుబడింది. "సదరు కోళ్లు చిరకాలముగా పురపాలక సేవలకు నోచుకొనక మిక్కిలి ఇబ్బందులకు లోనగుచున్నవి. కావున వాటిని పట్టణ పరిధిలోనికి తీసుకొని ఆదుకొనవలసినదిగా ప్రార్థన," అని అందులో ఉంది. అంత చక్కటి అర్జీ తన ఉద్యోగంలో చూడలేదని కమిషనర్ గారు మర్నాటి సమావేశపు అంశాల్లో చేర్చారు.

మర్నాడు ఆఖరి శనివారం. మంగతాయారు ఉన్న బస్తాలన్నీ ఒకేసారి ఎత్తించింది. ఎండుమిరపకాయలు కూడా మధ్యమధ్య వేసింది. ఆఫీసులో ఒక పక్క తుమ్ములు, ఒక పక్క మర మోత. కమిషనర్ గారి పెదవులు కదిలాయి. చైర్మన్ గారు కళ్లు తుడుచుకుంటూ చెయ్యెత్తారు. అందరూ ఎత్తారు. టీ వచ్చింది.

సోమవారం సిద్ధాంతి గారు దగ్గరుండగా గునపాలవాళ్లు దిమ్మ మీద పోటు వెయ్యబోతుంటే మంగతాయారు అడ్డం నిలబడింది.

"కొలిచి పగలగొట్టండి బాబూ. శనివారం కోళ్లఫారం కలిసిందంట కదా. పొరపాటున బొడ్డు కాని చోట పొడిస్తే ఊరికి దోషం కదండీ."

ఆ మాట సిద్ధాంతి గారికి న్యాయంగా తోచింది. దిక్సూచి తీశారు. టేపులు సాగాయి. ఆయన మరలోంచి బయటికి నడిచారు. వీధి దాటారు. ఆఫీసు మెట్లెక్కారు. బల్ల దగ్గర కునుకుతున్న నూకరాజుని దాటి చైర్మన్ గారి గదిలోకి వెళ్లి, ఆగారు. వెనకాలే వచ్చిన జనం కిటికీల దగ్గర మూగారు. చైర్మన్ గారు కుర్చీలో కూర్చుని బత్తాయి వొలుచుకుంటున్నారు.

"ఏమండీ, దొరికిందా?"

సిద్ధాంతి గారు దిక్సూచి కేసి ఇంకోసారి చూసుకున్నారు. "శాస్త్రానికి మొహమాటం లేదండీ," అన్నారు.

"లేకపోతే లేదు. ఎక్కడో చెప్పండి."

"తమరు దాని మీదే కూర్చున్నారండీ."

చైర్మన్ గారు ముందు కిందికి చూసుకున్నారు. "కూర్చుంటే ఏమవుతుంది?"

"బ్రహ్మస్థానంలో బరువు పెట్టిన యజమానికి పదవి నిలవదండీ."

కుర్చీ ఖాళీ అయ్యేసరికి బత్తాయి తొన ఇంకా గాల్లోనే ఉందని నూకరాజు తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు. ఆ నిలబడటం నిలబడటం చైర్మన్ గారు మళ్లీ ఆ గదిలో కూర్చోలేదు. ఇంకేదైనా ఊరు కలపండని పటం తెప్పించారు. కలపడానికేం మిగల్లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ జొన్నలమెట్టని చూసి తామూ వాస్తు సవరణలు మొదలుపెట్టాయి. ఒక్క గట్టు కూడా వదిలేది లేదని కబురు చేశాయి.

ఆఫీసు ఖాళీ చేయక తప్పలేదు. బల్లలు, బీరువాలు, ఫ్యాన్లు దిగాయి. బ్రహ్మస్థానం ఆకాశాన్ని చూడాలి కాబట్టి సమావేశం హాలు పైకప్పు కూడా తీయించారు. ఇక అధికారులు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న వచ్చింది. దానికి సిద్ధాంతి గారి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది, ఎవరి దిక్కు వారికి.

నీళ్ల ఇంజనీరు ఈశాన్యంలో కూర్చున్నాడు. పొద్దున్న ఫైలు తెరిచేసరికి మోకాళ్ల దాకా నీళ్లు. మధ్యాహ్నానికి ఊళ్లో అన్ని వార్డుల వాల్వులూ ఆయనే స్వయంగా తిప్పి వచ్చాడు. దీపాలాయన ఆగ్నేయంలో ఒక్క రాత్రి పడుకోబోయి, నిద్రపట్టక, తెల్లారగానే దీపాలు పీకించి ఎక్కడివక్కడ పాతించాడు. యజమాని ఉండాల్సింది నైరుతి. చైర్మన్ గారి బల్ల తీసుకెళ్లి చెత్తగుట్ట పక్కన వేశారు. ఆయన కూర్చున్నారు. ఒక గంట కూర్చున్నారు. ట్రాక్టరుకి టైర్లు ఆ సాయంత్రమే వచ్చాయి. ఇన్నాళ్లూ ఎక్కడా దొరకలేదన్న టైర్లు స్టోర్సులోనే ఉన్నాయట.

కమిషనర్ గారికి వాయవ్యం దక్కింది. ఫిర్యాదుల పెట్టె సంగతి గుర్తొచ్చి ఆయన ఒప్పుకోలేదు గానీ, ఉత్తర్వు తాను వేసిందే. ఆయన అక్కడ కుర్చీ వేయించుకున్న వారానికే బదిలీ కాగితం వచ్చింది. "సదరు శాస్త్రము సంతృప్తికరముగానున్నది," అని బస్సెక్కారు. వచ్చిన కొత్త కమిషనర్ గారిది మెత్తటి గొంతు, ఆయన వాయవ్యం ఛాయలకే పోకుండా బస్టాండులో నిలబడి సంతకాలు చేసేవారు. జనానికి అది మరీ సౌకర్యంగా ఉండేది.

అధికారి వీధి చివరే కూర్చుని ఉంటే, కాలవ పూడిందని అర్జీ రాయక్కర్లేదు, వేలు పెట్టి చూపిస్తే చాలు. ఊరికి ఈసారి జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. పొరుగూరి చైర్మన్ వచ్చి విశ్వనాథం గారికి దండ వేశాడు. వాస్తు మహిమ అని సిద్ధాంతి గారికి గండపెండేరం తొడిగారు. ఖాళీ ఆఫీసు ఆవరణలో ఊరి ఆడవాళ్లు వడియాలు పెట్టుకున్నారు. మర తిరుగుతూనే ఉంది. మంగతాయారు అంత సుఖంగా ఎన్నడూ లేదు.

కానీ అధికారులకి సుఖం లేదు. టీ తాగుతుంటే జనం, నడుం వాలిస్తే జనం. మొదటి స్థానం ఎలాగూ వచ్చేసింది కదా అన్నారు వాళ్లు. చైర్మన్ గారికి కూడా న్యాయంగానే తోచింది. ఆఖరి శనివారం పొద్దున్న నూకరాజు మరలోకి వచ్చి మంగతాయారు చెవిలో నోరు పెట్టి అరిచాడు.

"కొండ మీద కొత్త ఆఫీసంట తల్లీ. అందర్నీ ఒకే కప్పు కింద పెడతారంట. పైకి తిన్నగా పెద్ద రోడ్డు. ఈ వీధిలోంచేనంట. అడ్డమొచ్చినవన్నీ తీసేస్తారంట."

"మరా?"

"మరే ముందు తల్లీ."

మంగతాయారు గుమ్మంలోకి వచ్చి చూసింది. నెలకొక్క పూట సమావేశానికి దోషం లేదన్నారు కాబట్టి కప్పు లేని హాల్లోనే సభ్యులు కూర్చుని ఉన్నారు. కొత్త కమిషనర్ గారు కాగితం పట్టుకుని చదువుతున్నారు. ఆయన గొంతు ఆ మోతలో ఆయనకే వినపడుతున్నట్టు లేదు. చైర్మన్ గారు అలవాటు ప్రకారం చెయ్యెత్తారు. ఒకటొకటిగా చేతులు లేస్తున్నాయి. మంగతాయారు లోపలికి వెళ్లి స్విచ్చి కట్టేసింది.

రాయి తిరిగి తిరిగి ఆగింది. ఆ హాల్లో ఒక సమావేశంలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఎక్కడో కాకి అరవడం వినిపించింది. దాని వెనకే కమిషనర్ గారి గొంతు వినిపించింది. "...రోడ్డునకు అడ్డముగా నున్న నరహరి గారి కల్యాణమండపము, సినిమాహాలు, మార్కెట్టు, నైరుతి వార్డులో కౌన్సిలర్ల గృహములు తొలగించుటకు..."

"ఏంటీ?" అన్నారు నరహరి గారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

"ఇంకోసారి చదవండి," అన్నాడు నైరుతి కౌన్సిలరు.

కమిషనర్ గారు ఇంకోసారి చదివారు. స్పష్టంగా వినిపించింది. చేతులు ఒక్కొక్కటే దిగాయి. చైర్మన్ గారి చెయ్యొక్కటే గాల్లో మిగిలింది. ఆయన కిటికీలోంచి వీధిలోకి వంగి, ఎన్నడూ లేనంత ఆప్యాయంగా పిలిచారు.

"ఏమ్మా మంగతాయారూ, మర ఆపేశావేం? సంత రోజు కదా. బస్తాలు లేవా?"

"బోలెడున్నాయండీ."

"మరి వెయ్యమ్మా. వెయ్యి తల్లీ."

"ఎలా వేస్తానండీ?" అంది మంగతాయారు, చేతులకి అంటిన పిండి దులుపుకుంటూ. "పక్కనే ఊరి బొడ్డుంది. తిప్పితే కడుపులో తిప్పుతుందని మీరే కదండీ చెప్పారు."

ఆమె గుమ్మంలోనే మోడా వేసుకుని కూర్చుంది. అవతల హాల్లో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు, ప్రతి మాటా వీధిలోకి వినిపిస్తోంది. నూకరాజు తెచ్చిన టీ ఆ శనివారం మొదటిసారి చల్లారిపోయింది.